నూట నలభై మూడు పేజీల భీమరావు, ఒక్క పేజీ హేమలత

హేమలతకు మనుషుల మీద చిన్నచూపు చిన్నప్పటి నుంచీ ఉన్నది కాదు. ఉద్యోగంలో చేరి, భీమరావు కింద మూడేళ్లు పనిచేసినాక వచ్చింది. వచ్చినదాన్ని ఆమె దాచుకోనూ లేదు. ఆయన మాట్లాడుతుంటే కిటికీలోంచి బయట టమోటా మడుల వైపు చూసేది. ఆయన రాసిన మెయిల్ చదివేటప్పుడు పెదవి ఒక పక్కకు పోయేది. అది ఆఫీసులో అందరికీ తెలుసు, భీమరావుకు తప్ప. తనను ఎవరైనా తక్కువగా చూడగలరన్న ఊహ ఆయనకు ఎప్పుడూ రాలేదు.

మదనపల్లె నుంచి పుంగనూరు పోయే రోడ్డులో ఉండాది ఆ పరిశోధన సంస్థ. మదనపల్లెలో టమోటా తెగుళ్ల మీద, పుంగనూరులో పొట్టి ఆవుల మీద, కుప్పంలో మల్బరీ తోటల మీద పరిశోధన చేస్తారు. హేమలత అందులో సిస్టమ్ అసిస్టెంటు. వయసు ఇరవై ఏడు. సొంతూరు బైరెడ్డిపల్లె పక్కన. వాళ్లమ్మ గంగులమ్మ ఇరవై ఏళ్లు చేన్లలో కూలికి పోయి, ఈ మధ్యే పంచాయతీ ఆఫీసులో ఊడ్చే పనికి కుదిరింది. కూతురు కుప్పంలో కంప్యూటర్ల డిగ్రీ చదివి, మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో ఒక గది తీసుకొని ఉంటోంది. చుట్టూ మగ్గాల చప్పుడు. ఆ చప్పుడుకు అలవాటుపడిన చెవులకు భీమరావు గొంతు ఎక్కేది కాదు.

భీమరావు సిస్టమ్స్ విభాగానికి పెద్ద. బెంగుళూరులో పన్నెండేళ్లు చేసొచ్చినాడు. సులువుగా ఉన్న సంగతిని ఎదుటివాళ్లకు కష్టమయ్యేదాకా వివరించడం ఆయనకున్న విద్య. స్విచ్చి ఎక్కడుందని అడిగితే గోడ చరిత్ర చెప్పే రకం. మీటింగులో ఆయన లేచి తెరమీద బొమ్మ వేస్తే అందులో నలభై పెట్టెలు, వాటి మధ్య నూరు బాణాలు ఉండేవి. శాస్త్రవేత్తలు ఆ బాణాల వంక చూసి తల ఊపేవాళ్లు. ఒక్కరికీ ఒక్క ముక్కా అర్థమయ్యేది కాదు, అర్థం కాలేదని చెప్పే ధైర్యమూ ఉండేది కాదు. చదువుకున్న ఆ మంద అంటే కూడా హేమలతకు లెక్కలేదు.

ఆ బొమ్మ వెనక ఉన్న అసలు సంగతి ఇది. శాస్త్రవేత్తలు తాము పోగుచేసిన ఆకుల ఫొటోలను, వాన కొలతలను, ఆవుల పాల వివరాలను విశ్లేషించుకోవడానికి ఒక ప్లాట్‌ఫామ్ కావాలి. వాళ్లు బ్రౌజరు తెరిచి లోపలికి పోతే నోటుపుస్తకం లాంటి పేజీ కనబడుతుంది. అందులో కావలసిన లెక్క రాస్తే, వెనక గదిలో ఉన్న ఏడు మిషన్లు కలిసి చేసి పెడతాయి. ఆ ఏడింటినీ కలిపితే క్లస్టర్. వాటిలో నడిచే ప్రతి ప్రోగ్రామునూ దానికి కావలసిన సరంజామాతో సహా ఒక డబ్బాలో మూసి పెడతారు. ఆ డబ్బానే కంటెయినర్. ఏ డబ్బా ఏ మిషన్‌లో నడవాలో, పడిపోయినదాన్ని మళ్లీ ఎప్పుడు లేపాలో చూసుకోవడానికి ఒక మేస్త్రీ ప్రోగ్రాము ఉంటుంది. ఇంతే. హేమలత దీన్ని ఒకసారి ఇంటికి పోయినప్పుడు వాళ్లమ్మకు చెప్తే, గంగులమ్మ రాగిసంగటి గెలుకుతూనే అంతా విని, ఆ మేస్త్రీ మంచోడైతే ఇంక మీకు పనేముండాదని అడిగింది.

పనేముందంటే, డబ్బాలు ముప్పై ఒకటి. ఒక్కోదానికి ఒక్కో సెట్టింగుల ఫైలు. ఒకదాని తర్వాత ఒకటి సరైన వరుసలో లేపాలి. ఒకదాని పాస్‌వర్డు ఇంకో నాలుగింటిలో రాయాలి. ఒక్క చోట తప్పితే మొత్తం మూగపోతుంది. ఇదంతా భీమరావు నూట నలభై మూడు పేజీల పుస్తకంగా రాసి, అట్ట మీద తన పేరు బంగారు రంగులో అచ్చు వేయించినాడు. ఆ పుస్తకం ప్రకారం ఒకసారి ప్లాట్‌ఫామ్ నిలబెట్టడానికి ముగ్గురు మనుషులకు పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ ఆయన సర్వర్ల గది ముందు కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ, లోపల గుండె ఆపరేషన్ జరుగుతున్నట్టు అందరినీ నెమ్మదిగా మాట్లాడమనేవాడు.

ఆ ఏడాది పుంగనూరు కేంద్రం నుంచి రేవతి అనే పశువైద్య శాస్త్రవేత్త ఉత్తరం రాసింది. ఆవుల నడక వీడియోలు తీసినామని, అవి అంత లావు ఫైళ్లు కావడంతో నెట్టులో మదనపల్లెకు పంపితే వారం పడుతోందని, తమ కేంద్రంలోనే ఒక చిన్న ప్లాట్‌ఫామ్ పెట్టివ్వమని అడిగింది. కుప్పం వాళ్లూ అదే అడిగినారు. భీమరావు ఆలోచించి ఒక్కో కేంద్రానికి మూడు నెలలు కావాలన్నాడు. డైరెక్టరు మధుసూదన్ మొక్కల శాస్త్రవేత్త, మంచి మనిషి, మంచితనం తప్ప ఇంకేమీ చేతకాని మనిషి. సరేనన్నాడు.

హేమలతను పుస్తకం చదివి సిద్ధంగా ఉండమన్నారు. యాభై ఎనిమిదో పేజీలో ఆమెకు ఒక అనుమానం వచ్చి భీమరావు గదికి పోయింది. ఆయన తల ఎత్తకుండానే అన్నాడు.

"చదివితే అర్థమవుతుంది కదా."

ఆమె మళ్లీ చదివింది. మూడుసార్లు చదివింది. ఆ మూడోసారి ఆమెకున్న చిన్నచూపు గట్టిపడింది. నలభయ్యో పేజీ నుంచి ఉన్న ఇరవై రెండు పేజీలే, ఎనభై ఎనిమిదో పేజీ నుంచి పేర్లు మాత్రం మారి మళ్లీ వచ్చినాయి. పంతొమ్మిది చోట్ల 'తగిన విలువ ఇవ్వండి' అని రాసి ఉంది. ఆ తగిన విలువ ఏమిటో పుస్తకంలో ఎక్కడా లేదు. అది భీమరావు తలకాయలో తప్ప లోకంలో ఇంకెక్కడా లేదు. అందుకే ఆయన లేనిదే అక్కడ ఏ పనీ కాదు. పుస్తకం రాసింది దారి చూపడానికి కాదని, ఆ దారిలో తాను కాపలా కూర్చోవడానికని ఆమెకు తేలిపోయింది. ఇంత చిన్న ఉపాయానికి ఇంత పెద్ద పుస్తకమా అని నవ్వొచ్చింది కూడా.

స్టోరు గదిలో మూలపడేసిన పాత కంప్యూటర్లు మూడు ఉన్నాయి. ఆమె వాటిని తుడిచి, ఒకదానికొకటి తగిలించి, మధ్యాహ్నం భోజనాల వేళ వాటి ముందు కూర్చోవడం మొదలుపెట్టింది. ముప్పై ఒక్క డబ్బాల వివరాలనూ ఒకే మూటలో కట్టింది. పాస్‌వర్డులు అవే తయారుచేసుకొని ఒకదానికొకటి చెప్పుకునేట్టు చేసింది. ఏది ముందు లేవాలో, ఏది దాని కోసం ఆగాలో మూటలోనే రాసింది. ఆ పంతొమ్మిది తగిన విలువల్లో పదమూడింటిని మిషనే చూసి తెలుసుకోగలదని కనిపెట్టింది. చివరికి మనిషిని అడగవలసినవి ఆరు ప్రశ్నలు మిగిలినాయి. కేంద్రం పేరేమిటి, ఎంతమంది వాడతారు, ఫైళ్లు ఏ డిస్కులో పెట్టాలి, ఇట్లాంటివి. వాటికి జవాబులు రాసి ఒక్క కమాండు కొడితే చాలు. మొదలయ్యే ముందు డిస్కు, మెమరీ సరిపోతాయో లేదో అదే చూసి, చాలకపోతే తెలుగులో చెప్పేటట్టు కూడా చేసింది. ఆఫీసు తెలుగులో కాదు, తన ఊరి తెలుగులో. 'డిస్కు సాలదప్పా, ఇంకా యాభై జీబీ కావాల' అని తెర మీద వస్తుంది. ఇదంతా నాలుగు నెలలు పట్టింది. ఇందులో తాను కొత్తగా కనిపెట్టిందేమీ లేదని, లోకమంతా వాడుతున్న పద్ధతులనే పట్టుకొచ్చి పెట్టినానని ఆమెకు తెలుసు. భీమరావుకూ తెలిసే ఉంటుంది. తెలిసీ నూట నలభై మూడు పేజీలు రాసినాడంటే, ఆ మనిషిని ఏమనుకోవాలి?

భీమరావు అడిగిన మూడు నెలలు దాటినా పని మొదలుకాకపోవడంతో, డైరెక్టరును అడిగి పుంగనూరుకు ఆమే పోయింది. రేవతి పక్కన కూర్చొని చూస్తుండగా నలభై నిమిషాల్లో ప్లాట్‌ఫామ్ లేచి నిలబడింది. రేవతి తన ఆవుల వీడియో ఒకటి ఎక్కించి, లెక్క కట్టించి, జవాబు తెప్పించుకుంది. ఉత్తరం రాసినప్పటి నుంచీ దీని కోసం ఎదురుచూస్తున్నానని, ఇంతలో అయిపోయేదానికా ఇన్నాళ్లు తిప్పినారని అడిగింది. హేమలత సంచి సర్దుకుంది. జవాబు చెప్పడానికి భీమరావు పేరు ఎత్తాలి, ఆ పేరు నోట్లోకి తెచ్చుకోవడం ఆమెకు ఇష్టం లేదు.

సోమవారం మీటింగులో భీమరావు హేమలత చేసింది ఆటబొమ్మ అన్నాడు. చేసిన మనిషే పెట్టింది కాబట్టి నడిచిందని, దాన్ని పని అనరని, ఆట అంటారని వివరించినాడు. ఎర్రర్లు పల్లెటూరి భాషలో రావడం సంస్థ మర్యాదకు తగదని కూడా అన్నాడు. మధుసూదన్ ఇద్దరినీ నొప్పించకుండా ఒక మాట చెప్పినాడు. అయితే కుప్పంలో హేమలత కాకుండా వేరే ఎవరైనా పెట్టి చూడమన్నాడు. ఎవరన్నది భీమరావుకే వదిలేసినాడు.

భీమరావు రామప్పను ఎంచినాడు. రామప్ప కుప్పం కేంద్రంలో మల్బరీ తోట పనివాడిగా చేరి, మోకాళ్లు అరిగినాక ఆఫీసు సహాయకుడైనవాడు. యాభై ఆరేళ్లు. పొద్దున మిషన్లు ఆన్ చేయడం, సాయంత్రం ఆపడం, దుమ్ము తుడవడం ఆయన పని. రెండు వేళ్లతో ఇంగ్లీషు అక్షరాలు వెతికి వెతికి కొట్టగలడు. ఆ ఎంపికలో ఎంత ఎగతాళి ఉందో మీటింగులో అందరికీ అర్థమైంది. ఒకరిద్దరు నవ్వినారు. హేమలతకు ఒళ్లు మండింది. భీమరావు మీద మండిందని అప్పుడు అనుకుంది. నిజానికి ఆమెకు రామప్ప మీద కూడా నమ్మకం లేదు. ఇంత కష్టపడి చేసినదాన్ని మౌస్ పట్టుకోవడం సరిగ్గా రాని మనిషి చేతిలో పెడుతున్నారే అన్నదే ఆమె ఏడుపు.

చేయవలసినదంతా ఒక్క పేజీలో తెలుగులో రాసి, మూటతో పాటు కుప్పం పంపింది. బుధవారం పొద్దున రామప్ప ఫోన్ చేసినాడు. రెండో ప్రశ్న దగ్గర ఎంతమంది వాడతారంటే తోటలో పనిచేసేవాళ్లను కూడా లెక్కపెట్టాలా అని అడిగినాడు. చెప్పింది. అరగంటకు మళ్లీ చేసినాడు. ఆమె పక్కన ఎవరో పని మీద వచ్చి నిలబడి ఉన్నారు, తర్వాత చేయమని పెట్టేసింది. మూడోసారి చేసినప్పుడు ఆమె విసుక్కుంది.

"అంతా ఆ పేజీలో రాసే ఉండాది రామప్పన్నా. చదివితే అర్థమవుతుంది కదా."

సరేనమ్మా అని ఆయన పెట్టేసినాడు. ఆ తర్వాత ఫోన్ రాలేదు. గురువారం రాలేదు, శుక్రవారం రాలేదు. పని అయిందో లేదో తెలియదు. భీమరావు మాత్రం రోజూ ఆమె కుర్చీ పక్కగా పోతూ కుప్పం సంగతేమిటని తీయగా అడిగేవాడు.

శనివారం ఆమె బస్సెక్కింది. పుంగనూరు దాటి, పలమనేరులో బస్సు మారి, కుప్పం చేరేదాకా రామప్పను మనసులో తిడుతూనే ఉంది. చేతకాకపోతే చేతకాదని చెప్పొచ్చు కదా, నోట్లో నాలుక లేదా, వీళ్లకు ఏం చేసిపెట్టినా ఇంతే అని. ఆ 'వీళ్లు' అన్న మాటలో తన ఊరు, తన అమ్మ కూడా ఉన్నారన్న సంగతి ఆమెకు తట్టలేదు.

కుప్పం కేంద్రంలో మిషన్ల గది తలుపు తీసి ఉంది. లోపల చూసి ఆమె ఆగిపోయింది. ఆ కేంద్రానికి ఉన్న మూడు మిషన్లనూ పెట్టిన ఇనుప స్టాండు గోడ నుంచి ముందుకు లాగి ఉంది. కింద నేలంతా ఊడ్చి ఉంది. రామప్ప ఒక మూల స్టూలు మీద కూర్చొని, ఒళ్లో రూళ్ల పుస్తకం, పక్కన ఇంగ్లీషు తెలుగు నిఘంటువు పెట్టుకొని ఏదో రాస్తున్నాడు. ఆమెను చూసి తటాలున లేచినాడు, మోకాలు పట్టేసి గోడ పట్టుకున్నాడు.

స్టాండు యాల జరిపినావని ఆమె అడిగింది. ఆయన తెర వైపు చూపించినాడు. నిండా ఎర్రటి ఇంగ్లీషు. ఆమె ఊరి తెలుగు ఒక్క ముక్క లేదు. ఈ తప్పు వస్తుందని ఆమె ఊహించనే లేదు కాబట్టి, దానికి తెలుగు రాయనే లేదు. ఆ ఎర్ర అక్షరాలన్నింటినీ రామప్ప తన పుస్తకంలో ఒక్కొక్కటిగా దించుకున్నాడు. ఒక్కో మాట కింద నిఘంటువులో దొరికిన అర్థం రాసుకున్నాడు. నాలుగు పేజీలు నిండినాయి.

"లోయర్ అంటే కింద అని, కేస్ అంటే పెట్టె అని ఉండాదమ్మా ఇందులో," అన్నాడు రామప్ప. "మిషను కింద పెట్టె ఏదన్నా ఉండాదేమో, అది నేను సూసుకోలేదేమో అని స్టాండు జరిపి వెతికినా. యాడా లేదు."

ఆమె ఒంగి మొదటి జవాబు చూసింది. కేంద్రం పేరు. కుప్పం అని ఇంగ్లీషులో రాసినాడు, మొదటి అక్షరం పెద్దది. ఆ క్లస్టర్‌లో పేర్లన్నీ చిన్న అక్షరాలతోనే ఉండాలి. పెద్ద అక్షరం ఒక్కటి కనిపిస్తే మేస్త్రీ ఒప్పుకోడు. లోయర్ కేస్ అంటే చిన్న అక్షరాలు, ఎర్ర అక్షరాలు చెప్పేది అంతే. ఆమె ఒక్క పేజీలో ఆ సంగతి లేదు. ఎందుకు లేదంటే, అది ఎవరికైనా తెలిసే ఉంటుందని ఆమె అనుకుంది.

"ఇది చిన్నక్షరంతో రాయాల రామప్పన్నా," అంది.

"ఊరి పేరు కదమ్మా," అన్నాడాయన, తప్పు చేసినవాడిలా. "ఊరి పేరు పెద్దక్షరంతో మొదలుపెట్టాలని మా ఐవారు బెత్తంతో కొట్టి నేర్పించినాడు. చిన్నక్షరం రాస్తే తప్పనుకొన్నా."

మళ్లీ యాల ఫోన్ చేయలేదని ఆమె అడగలేదు. ఎందుకు చేయలేదో ఆమెకు తెలుసు. ఆ బుధవారం ఆయనతో తాను అన్న మాట ఎవరి నోటి మాటో గుర్తొచ్చింది. పన్నెండేళ్లు బెంగుళూరులో ఉండి భీమరావు నేర్చుకున్న పొగరును తాను మూడేళ్లలో, మదనపల్లె దాటకుండానే నేర్చుకుంది. బస్సులో వచ్చినంతసేపూ రామప్ప మీద చూపిన చిన్నచూపు తిరిగి తన మీదే పడింది. అది చాలా అసహ్యంగా ఉంది. ఆమె కింద నేల మీదే కూర్చొని, ఆయన పుస్తకం తీసుకొని నాలుగు పేజీలూ మొదటి నుంచి చదివింది. వద్దులే అమ్మా, అవి పిచ్చిరాతలని ఆయన అంటున్నా ఆపలేదు.

ఆ రోజూ మరునాడూ ఆమె కుప్పంలోనే ఉండిపోయింది. పెద్ద అక్షరాలు రాసినా మూటే వాటిని చిన్నవి చేసుకునేట్టు మార్చింది. తర్వాత రామప్పను కూర్చోబెట్టి, తాను నోరు విప్పకుండా పక్కన నిలబడింది. ఆయన ఎక్కడ ఆగితే అక్కడ తన పేజీలో తప్పుందని గుర్తుపెట్టుకుంది. ఆయన తొమ్మిది చోట్ల ఆగినాడు. తొమ్మిదీ సరిదిద్దింది. ఆరు ప్రశ్నలు నాలుగైనాయి. ఆదివారం సాయంత్రానికి రామప్ప ఎవరినీ అడగకుండా, రెండు వేళ్లతోనే, మొదటి నుంచి చివరిదాకా ముప్పై ఐదు నిమిషాల్లో ప్లాట్‌ఫామ్‌ను నిలబెట్టినాడు.

ఆ మరుసటి వారంలో మధుసూదన్, భీమరావు చూడ్డానికి వచ్చినారు, వెంట హేమలత కూడా వచ్చింది. ఉన్నదంతా చెరిపేసి, రామప్ప వాళ్ల ముందే మళ్లీ పెట్టినాడు. మధుసూదన్‌కు సంతోషమైంది. భీమరావు చేతులు కట్టుకొని నిలబడి, పనైనాక రామప్పను ప్రశ్నలు అడగడం మొదలుపెట్టినాడు. బయటి నుంచి వచ్చే రాకపోకలను లోపలి డబ్బాలకు చేర్చేదాన్ని ఏమంటారు? పడిపోయిన డబ్బా మళ్లీ లేచినప్పుడు దాని ఫైళ్లు ఎక్కడ నుంచి వస్తాయి? ఒక్కో ప్రశ్నకూ ఇంగ్లీషు పేర్లు నాలుగేసి కలిపి అడిగినాడు. తోటపనివాడి చేత తెలియదని పదిసార్లు అనిపించడం ఆయన ఉద్దేశం. రామప్ప ప్రతిదానికీ తెలీదు సార్ అనే అన్నాడు. ఐదోసారో ఆరోసారో భీమరావు డైరెక్టరు వైపు తిరిగి నవ్వి, ఇదీ పరిస్థితి అన్నట్టు చేయి తిప్పినాడు.

"ఏమీ తెలియకుండా ఇంత పెద్ద సిస్టమ్‌ను ఎట్ల నడుపుతావు రామప్పా?"

"తెలీకపోయినా పనైపోయింది కదా సార్," అన్నాడు రామప్ప, ఎగతాళి ఏమీ లేకుండా. "తెలిసినోళ్లు దాన్ని చేసిపెట్టినారు. నాకు తెలిసేది మల్బరీ ఆకు. అది మీరు అడగలేదు."

మధుసూదన్ నవ్వినాడు. పెద్దగా కాదు, కానీ భీమరావుకు వినపడేటంత. పదిమందిలో ఆయన వేసిన జోకుకు కాకుండా ఆయన మీద ఎవరైనా నవ్వడం అదే మొదటిసారి అయ్యుండాలి. ఆయన మొహంలో కోపం కూడా రాలేదు, ఏమైందో అర్థంకాని తత్తరపాటు వచ్చింది. హేమలత ఆ మొహాన్ని చూసింది. మూడేళ్లుగా చూడాలనుకున్న మొహం. చూసినాక అందులో ఏమీ లేదనిపించింది.

ఆ తర్వాత జరిగినవి సంస్థల్లో ఎప్పుడూ జరిగేవే. మూడు కేంద్రాల్లోనూ ఆ ఒక్క పేజీ పద్ధతినే వాడాలని సర్క్యులర్ వచ్చింది. రూపకల్పన అన్నచోట భీమరావు పేరు, సహాయం అన్నచోట హేమలత పేరు ఉన్నాయి. రామప్ప పేరు లేదు. పుంగనూరు నుంచి రేవతి ఫోన్ చేసి, పోయి గట్టిగా అడగమని, తానూ వస్తానని చెప్పింది. హేమలత పోలేదు. అడిగి తెచ్చుకోవాలంటే భీమరావు చేతిలో ఇవ్వదగ్గది ఏదో ఉందని ముందు ఒప్పుకోవాలి. ఆమె ఒప్పుకోదు. రామప్ప పేరు చేర్చమని మాత్రం డైరెక్టరుకు రెండుసార్లు రాసింది. చూద్దామని జవాబు వచ్చింది, మంచితనం నిండిన జవాబు. ఆ నెలాఖరుకు భీమరావు ఇంకో పుస్తకం తెచ్చినాడు. ఆ ఒక్క పేజీని ఎట్లా చదవాలో వివరించే పుస్తకం, అరవై నాలుగు పేజీలు. హేమలత తన ప్రతిని చెయ్యి పెట్టకుండానే స్టోరు గదిలోని పాత కంప్యూటర్ల మీద వదిలేసింది.

వేసవి అయినాక ఆమె కుప్పానికి బదిలీ అడిగింది. భీమరావు చూసిన వెంటనే సంతకం పెట్టినాడు. ఆమెను మూలకు తోసినాననే అనుకొని ఉంటాడు. అట్లాగే అనుకోనిమ్మని ఆమె ఊరుకుంది.

ఇప్పుడామె కుప్పం కేంద్రంలో ఉంటోంది. చదువుకున్నవాళ్ల మీద ఆమెకున్న చిన్నచూపు ఏమీ తగ్గలేదు, చూపే చోటు మాత్రం కొంచెం జాగ్రత్తగా ఎంచుకుంటుంది. మొన్న ఒక రోజు రామప్ప బీరువా వెనక నుంచి దుమ్ము పట్టిన రిజిస్టర్లు పద్నాలుగు తెచ్చి బల్ల మీద పెట్టినాడు. తోటలో పనిచేసిన కాలంలో ప్రతి వారం ఏ వరుసలో ఎంత ఆకు కోసినారో, ఏ చెట్టుకు ఏ తెగులు వచ్చిందో, వాన ఎప్పుడు పడిందో ఆయన చేత్తో రాసి పెట్టినవి. ఒక్క శాస్త్రవేత్త కూడా వాటిని ఎప్పుడూ అడగలేదట. వీటిని ఆ మిషన్లలోకి ఎక్కించొచ్చునా అని ఆయన మొహమాటంగా అడిగినాడు. హేమలత మొదటి రిజిస్టరు తెరిచి, కుర్చీ ఆయన వైపు జరిపింది. ఆయన చదువుతుంటే ఆమె కీబోర్డు మీద కొట్టడం మొదలుపెట్టింది. తూర్పు మడి, మూడో వరుస, జూన్ రెండో వారం.